తొంభై తొమ్మిది దగ్గర

ఆ నీలిగీత గీసింది నేనే.
వల్పరైసోలో, మూడో అంతస్తులో,
కిటికీ కింద ట్రాలీబస్సు తీగలు చిటపటమంటుంటే
ఒక్క మధ్యాహ్నంలో రాసి పడేశాను.
సున్నా నుంచి నూరు దాకా జారే గీత,
పక్కన ఓ అంకె.

అప్పటికి నాకు తెలిసిన మనిషి
ఫోను పట్టుకుని ఆవలించే మనిషి.
వాడికి విసుగు పుట్టకూడదు, అంతే.
అందుకే మొదట్లో గీతను కాస్త ఉరికించాను.
కదలనప్పుడు కూడా కదిలినట్టుండాలని
దాని ఒంటి మీద ఒక మెరుపును
అటూ ఇటూ తిప్పాను.
మార్సియల్ చూసి భుజం తట్టాడు.
"కంటికి పని చెబితే
మనసు ఊరుకుంటుంది" అన్నాడు.

చలికాలంలో ఉత్తరం వచ్చింది.
ఆపియావ్ దీవి, ఆరోగ్య కేంద్రం,
నర్సు ఓతీలియా బర్రియా.
తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఆ రాత్రి ఉత్తరపు గాలి. పడవలన్నీ కట్టేశారు.
పిల్లాడికి మూడేళ్ళు.
ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల మధ్య గుంటలు.
దీపం దగ్గరగా పెట్టి వీడియో తీశాను.
పంపితే చూస్తానన్నారు కాస్త్రో ఆసుపత్రి డాక్టరమ్మ.
మీ గీత ఎనభై దాకా పరుగెత్తింది.
తొంభై తొమ్మిది దగ్గర నిలబడి మెరిసింది.
'ఇంకెంత?' అంది తల్లి.
'ఒక్కటే' అన్నాను.
ఆ ఒక్కటి, ఇదిగో అదిగో అంటూ
ఇరవై ఆరు నిమిషాలు కూర్చోబెట్టింది మమ్మల్ని.
తర్వాత నూరు పడింది.
ఆమె శిలువ గుర్తు వేసుకుంది.
ఆసుపత్రికి ఏమీ రాలేదని
గంట తర్వాత రేడియోలో తెలిసింది.
పిల్లాడు బాగున్నాడు, కంగారు పడకండి.
తెల్లారి గాలి తగ్గాక పడవలో తీసుకెళ్ళాం.
ఒక్కటే అడగాలని రాస్తున్నాను.
నూరు అంటే ఏమిటి?"

నాకు తెలుసు.
నూరంటే, చివరి ముక్క
ఈ యంత్రం చేతిలోంచి జారిందని.
ఎవరి చేతిలో పడిందో
నేను అడగనే లేదు.

సెలవు పెట్టి వెళ్ళాను.
అచావ్ రేవులో వాన అడ్డంగా కురుస్తోంది.
బూట్లలో నీళ్ళు, దొరికిన ఉన్ని మేజోళ్ళు
రెండూ ఎడమకాలివే అనిపించాయి.
దీవి నుంచి వచ్చిన పడవలోంచి
బంగాళాదుంపల బస్తాలు దించుతున్నాడు నిబాల్దో.
చెక్క మీద సుద్దతో రెండు వరుసలు:
ఎక్కించినప్పటివి కొన్ని గీతలు,
దించినప్పటివి కొన్ని.
ఇటు ముప్పై ఎనిమిది. అటు ముప్పై ఏడు.
"ఒకటేమైంది?" అన్నాను.
సముద్రం వైపు గడ్డంతో చూపించి
మళ్ళీ బస్తా భుజానికెత్తుకున్నాడు.

ఇప్పుడు గీత మెరవదు.
ఫైలును ముక్కలు చేస్తుంది,
అవతలివాళ్ళు అందిందంటేనే అంకె మారుస్తుంది.
ఒక్కోసారి వెనక్కి కూడా వస్తుంది,
తప్పు లెక్క సరిచేసుకున్నవాడిలా.
తెగిపోతే తెగిపోయిందని చెబుతుంది:
"లైను ఆగింది. ముప్పై ఒక్క ముక్కల్లో
పదిహేడు అందాయి. అవి భద్రం.
మళ్ళీ మొదటి నుంచి పంపక్కర్లేదు."
"అందంగా లేదు" అన్నాడు మార్సియల్.
నిజమే, లేదు.

మొన్న ఓతీలియా రాసింది, రెండు ముక్కల్లో.
"పదిహేడు దగ్గర ఆగింది.
ఆగిందని తెలిసింది కాబట్టి
ఫోనును ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని
చర్చి వెనక గుట్ట ఎక్కాను."

నాకు కనిపిస్తోంది:
చీకటి, జారే బురద,
తడిసిన చేతిలో చిన్న వెలుతురు.
ఆమె దాని వంక చూస్తూ నిలబడి ఉంది.

పద్దెనిమిది.